తోడేళ్ళ సరిహద్దు

(గంగావతిలో మన సంఘ పఠనమందిరమున జరిగిన సాహిత్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మారు ఒక ఆంగ్ల నవలను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. తోడేళ్ళను గూర్చిన నవల యని నేను చెప్పగా, పండుగ దినములలో ఇది యెవరు విందురని వారు సందేహించిరి. కాని ఈ విషయము మనకు దూరపుది కాదు. మన గంగావతి తాలూకాలోనే బంకాపురమున కర్ణాటక ప్రభుత్వము తోడేళ్ళకై ఒక అభయారణ్యమును ఏర్పరచినది. ఆ జంతువునకు ఎవరి నేలపై ఎంత చోటు ఈయవలెను, ఆ చోటునకు వెల యెవరు చెల్లింపవలెను అను ప్రశ్న మన గడపలోనికి వచ్చి నిలిచినది. ఆ ప్రశ్ననే ఒక రచయిత్రి ఇంగ్లండులోని తన జిల్లాను గూర్చి వేసికొనినది. ఆమె పేరు సారా హాల్. నవల పేరు 'ది వుల్ఫ్ బోర్డర్'. 2015లో వెలువడినది.

ఆ పేరునకు మూలము ఫిన్నిష్ భాషలోని 'సుసిరాయ' అను మాట. 'సుసి' యనగా తోడేలు, 'రాయ' యనగా సరిహద్దు. రాజధానీ ప్రాంతము దాటినచో మిగిలిన దేశమంతయు అడవియే యన్నట్లు ఆ మాటను వాడుదురు. పట్టణవాసుల పరిహాసమిది. హైదరాబాదునుండియు విజయవాడనుండియు వచ్చు పత్రికలు తెరచినప్పుడు మనకును అప్పుడప్పుడు అట్టి గీత యొకటి కనబడుచుండును. మనము దానికి ఆవలివారము. సరే, అది వేరొకనాటి ప్రసంగము.

సారా హాల్ 1974లో కంబ్రియా జిల్లా ముఖ్యపట్టణమగు కార్లైలులో జన్మించినది. ఆమె మొదటి నవల 'హాస్‌వాటర్' 2002లో వచ్చినది. మాంచెస్టరు నగరమునకు నీరు కావలసివచ్చి, ఒక లోయలోని గ్రామమును జలాశయమున ముంచివేసిన యథార్థగాథ దానికి ఆధారము. తుంగభద్ర కాలువనీటితో బ్రదుకుచున్న మనకు ఆ గ్రంథమును గూర్చి కూడ ఒక సాయంకాలము వెచ్చింపదగును. నేల యెవరిది, దాని గతిని నిర్ణయించువారెవరు అను చింత ఈమెకు మొదటినుండియు కలదని చెప్పుటకే దానిని పేర్కొంటిని.

ఆ సీమ యెట్టిదో మొదట తెలిసికొనవలెను. కంబ్రియాలోని సరోవరముల ప్రాంతము 1951లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. 2017లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. ఇక్కడ ఒక విశేషము గమనింపుడు. ఆ గౌరవము అడవులకు వచ్చినది కాదు. సరోవరములును, కొండలును, వందల యేండ్ల గొర్రెల పెంపకము తీర్చిదిద్దిన పల్లెసీమయు కలిసిన అందమునకు వచ్చినది. అక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెలు కంచెలేని కొండలపై మేయును. తన మంద యెంతవరకు మేయవలెనో తల్లిగొర్రెకు తెలియును. అది తన వెంట తిరుగు పిల్లకు ఆ హద్దును నేర్పును. ఆ పిల్ల పెరిగి తన పిల్లకు నేర్పును. రాళ్ళు పాతకయే తరతరములుగా సరిహద్దు నిలిచియున్నది. 2001లో గాలికుంటు వ్యాధి వ్యాపించి కంబ్రియాలో మందలకు మందలను చంపివేయవలసివచ్చినప్పుడు రైతులు పశువులకొరకే కాక, ఈ విద్య కూడ వానితో నశించునేమోయని దుఃఖించిరి. చచ్చిన గొర్రెకు పరిహారమీయవచ్చును. అది నేర్చిన హద్దునకు ఎవరు పరిహారమిత్తురు?

అట్టి గొర్రెల సీమకు తోడేలును మరల తెచ్చుట ఈ నవలలోని కథ. ఇంగ్లండులో పదునైదవ శతాబ్దాంతమునాటికి తోడేళ్ళు నశించినవని చరిత్రకారుల అభిప్రాయము. కట్టకడపటి తోడేలును హంఫ్రీ హెడ్ అను సముద్రపుటొడ్డు కొండపై చంపిరని కంబ్రియా ప్రజలు చెప్పుకొందురు. స్కాట్లండులో మరి రెండు వందల యేండ్లు అవి మిగిలియుండెను.

కథానాయిక రేచల్ కెయిన్ తోడేళ్ళ శాస్త్రజ్ఞురాలు. పుట్టినది కంబ్రియాలో, దాదాపు పది సంవత్సరములుగా అమెరికాలోని ఐడహో రాష్ట్రమున ఒక ఆదిమజాతి రక్షితభూమిలో తోడేళ్ళ సంరక్షణలో పనిచేయుచున్నది. తల్లి బిన్నీ వృద్ధాశ్రమమున నున్నది. తమ్ముడు లారెన్సుతో మాటలు లేవు. అన్నర్‌డేల్ ప్రభువు థామస్ పెన్నింగ్టన్ తన విశాలమైన జమీలో తోడేళ్ళను పెంపదలచి ఈమెను పిలిపించును. మొదట ఆమెకు ఇష్టముండదు. తల్లి మరణించును, తాను గర్భవతియని తెలియును, అప్పుడు ఆమె స్వదేశమునకు తిరిగివచ్చును. తోడేలు తిరిగివచ్చు కథయు, ఆడబిడ్డ తిరిగివచ్చు కథయు ఈ విధముగా జంటగా నడచును.

మర్ల్, రా అను జంటను తెచ్చి, మొదట చిన్న దొడ్డిలో నుంచి, పిదప పెద్ద కంచెలోపల విడుతురు. మర్ల్ పిల్లలను కనును. రేచల్ కొడుకును కనును. ఇచ్చట సామాన్య రచయిత యెవరైనను మాతృత్వమును గూర్చి రెండు పుటలు కన్నీరు కార్చియుండును. సారా హాల్ ఆ పని చేయదు. రేచల్ మెత్తని మనస్సు గలది కాదు, మనుష్యులతో కలియలేదు, బంధములనిన వెనుకకు తగ్గును. అట్టి స్త్రీ తన బిడ్డ యేడ్పునకు లేచి కూర్చుండుట నేర్చుకొనును, మత్తుమందుల పాలైన తమ్ముని చేరదీయుట నేర్చుకొనును. ఈ మార్పును రచయిత్రి వ్యాఖ్యానింపక చూపినది. నవలలో నాకు మిక్కిలి నచ్చిన భాగమిదియే. జంతువులను వర్ణించునప్పుడు కూడ ఆమె వానికి మనుష్యుల మనస్సులను అంటగట్టలేదు. తోడేలు మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. ఆకలిగొన్నప్పుడు వేటాడును, నిద్ర వచ్చినప్పుడు పరుండును. పంచతంత్రపు నక్కలతో పెరిగిన మనకు ఇది కొంత క్రొత్తగా తోచును.

ఇక కంచె మాట. జమీందారు ధనవంతుడు, పార్లమెంటులో పలుకుబడి గలవాడు. చట్టము ఆయనకు అనుకూలించును. తాతలనాటినుండి జనులు నడచిన కొండకు అడ్డముగా ఎత్తైన కంచె లేచును. చుట్టుప్రక్కలవారు వ్యతిరేకింతురు, బెదిరింపులు వచ్చును. పని మాత్రము ఆగదు. ఇది కేవలము కల్పన కాదు. స్కాట్లండులో అలడేల్ అను 23,000 ఎకరముల ఎస్టేటును 2003లో కొన్న పాల్ లిస్టర్ అను ధనికుడు కంచె కట్టి తోడేళ్ళను తేవలెనని ఏండ్ల తరబడి చెప్పుచు వచ్చెను. ఎవరి భూమిలోనైనను బాధ్యతతో నడచు హక్కు జనులకు కలదని అదే 2003లో స్కాట్లండు చట్టము చేసినది. జనులు నడచు హక్కును తోడేళ్ళ కంచెయు ఒకే కొండపై నిలువవు గదా!

నవల చివర ఒకనాడు కంచెగేటు తెరచియుండును. తోడేళ్ళు ఉత్తరముగా పరుగెత్తి స్కాట్లండు చేరును. ఈ నవలలో స్కాట్లండు స్వతంత్ర దేశము. నిజమునకు 2014లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వారు విడిపోవలదనియే తీర్మానించిరి. గేటు తెరచినదెవరు? అనుమానము జమీందారుమీదికే పోవును. ఏండ్లపాటు శ్రమించిన రేచలునకు సైతము ఆయన యసలు ఉద్దేశము చెప్పలేదన్నమాట. తోడేళ్ళు స్వేచ్ఛ పొందినవని చదువరి సంతోషించు క్షణముననే, ఆ స్వేచ్ఛ యొక పెద్దమనిషి రహస్యముగా చేసిన నిర్ణయమని తెలిసి మనస్సు చివుక్కుమనును. ఇట్టి పని లోకమునను జరిగినది. 2025 జనవరిలో స్కాట్లండు కొండలలో ఎవరో అనుమతి లేకయే నాలుగు లింక్స్ పిల్లులను విడిచిరి. అధికారులు వానిని పట్టుకొనిరి, ఒకటి మరణించినది.

రేచల్ పనిచేసిన ఐడహో సంగతి కూడ చెప్పవలెను, ఏలయన అక్కడి చరిత్ర నవలకంటె ఆసక్తికరమైనది. అమెరికా కేంద్రప్రభుత్వము 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి తోడేళ్ళను తెచ్చి యెల్లోస్టోను ఉద్యానమున 31, ఐడహోలో 35 విడిచినది. ఐడహో శాసనసభ దీనిలో పాల్గొన నిరాకరింపగా, నెజ్ పర్స్ అను ఆదిమజాతివారు ఆ సంరక్షణభారమును వహించిరి. తమ నేలనుండి తరుమబడినవారే తరుమబడిన జంతువునకు కాపరులైరి. కొలరాడో రాష్ట్రమున 2020లో ఈ ప్రశ్నను ప్రజల ఓటునకే పెట్టిరి. స్వల్పాధిక్యముతో అనుకూల తీర్పు వచ్చినది. నగరములవారు అధికముగా ఔననిరి. తోడేళ్ళు విడువబడు పడమటి ప్రాంతపు పశుపోషకులు అధికముగా కాదనిరి. 2023 డిసెంబరులో పది తోడేళ్ళను విడిచిరి. ఓటు ప్రజాస్వామ్యబద్ధమే. అయినను ఓటు వేసినవారొకరు, దూడను పోగొట్టుకొనువారొకరు.

నవలపై నాకుగల ఆక్షేపణ ఇక్కడనే. సారా హాల్ గొర్రెల సీమలో పెరిగినది, ఆ బురదను, ఆ వానను ఎరుగును. ఐనను గొర్రెలకాపరిని గేటు బయటనే నిలువబెట్టినది. అతని కోపము మనకు వినబడును గాని అతని లెక్క వినబడదు. మందలో ఇన్ని పోయినచో ఈ యేడు పిల్లల చదువునకు ఏమి మిగులును అను చిన్న లెక్క యొకటి ఉండును గదా! దానిని చెప్పించియున్నచో జమీందారు గేటు తెరచిన ఘట్టము మరింత బరువెక్కియుండెడిది. ఆస్ట్రేలియా రచయిత్రి షార్లట్ మెకొనాహీ 2021లో వ్రాసిన నవలలో స్కాట్లండునకు తోడేళ్ళను తెచ్చిన కథయే కలదు. అందు రైతులు కథ నడుమ నిలుతురు. కాని ఆ గ్రంథము హత్యారహస్యమువైపు పోవును. రెండింటిలో సారా హాల్ నవలయే నిలుచునని నా నమ్మకము.

మన దేశమున చీతా లేదని ప్రభుత్వము 1952లో ప్రకటించినది. 2022 సెప్టెంబరులో నమీబియానుండి ఎనిమిది చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో విడిచిరి. అంతకు చాల ముందే గిర్ సింహములను తేవలెనని ఆ అడవిలోని 24 గ్రామములను ఖాళీ చేయించియుండిరి. సింహములు రాలేదు. ఊళ్ళు పోయినవి.

బంకాపురపు తోడేళ్ళను మాత్రము ఎవరును ఎక్కడినుండియు తేలేదు. అవి ఇక్కడివే. భారతదేశమంతట రమారమి 3,000 తోడేళ్ళు కలవని అంచనా. పెద్దపులికి 1972 చట్టమున ఎంత రక్షణ కలదో దీనికిని అంత కలదు. అది దట్టమైన అడవిలో నుండునది కాదు. మెట్టనేలలలో, పచ్చికబయళ్ళలో, గొర్రెలమందల వెంట బ్రదుకునది. 1953లో తుంగభద్ర డ్యాము నిండిన పిదప కృష్ణా, గోదావరి, గుంటూరు సీమలనుండి మన పెద్దలు వచ్చి క్యాంపులు కట్టుకొని, ఈ మెట్టను మాగాణి చేసిరి. వారి కష్టమును నేను తక్కువచేయను. ఆ కష్టమువలననే మనము ఈ హాలులో కూర్చుండితిమి. కాని మన వరిమడి పరచుకొనినంతమేర కురుబల మేతబీడు తగ్గినది, తోడేలు దారియు తగ్గినది. నేడు మిగిలిన గుట్టలలో ఆ రెండును ఇరుకున పడి ఒకదానినొకటి తాకుచున్నవి.

ఈ నవలను చదివి తోడేళ్ళ పక్షము వహించుట మనకు సులభము. తోడేలు వరి మేయదు. దాని గ్రాసమును మనము పెట్టము, బంకాపురపు గుట్టలలో మంద కాయువాడు పెట్టును. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహరాయిచ్ జిల్లాలో తోడేళ్ళు పసిపిల్లలను చంపినప్పుడు దేశమంతయు ఉలికిపడినది, అట్టిది అరుదు. గొర్రె పోవుట అరుదు కాదు, పత్రికలలోనికి రాదు. పరిహారమునకు కాగితములు కావలెను, చచ్చిన గొర్రెను చూపవలెను, పని మానుకొని కచ్చేరికి తిరుగవలెను. మంద వెంట నడచువానికి అందుకు తీరికయెక్కడిది?

కార్యదర్శిగారికి ఒక మనవి చేసి విరమింతును. వచ్చే గోష్ఠికి ఇంకొక నవల వలదు. బంకాపురపు చుట్టుప్రక్కల మందలు కాయు కురుబ పెద్దలను ఇద్దరు ముగ్గురిని పిలువుడు. వారు కన్నడములో మాటలాడుదురు గనుక ఆనాటి సభ కన్నడముననే జరుగవలెను. తెలుగు సంఘమున అదేమని కొందరనవచ్చును. తనది కాని భాషలో తన నేలను గూర్చిన తీర్మానము వినుట యెట్టిదో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు. ఆనాడు తర్జుమా చేయు పని నాకప్పగించినచో సంతోషముతో చేయుదును. నవల ప్రతి పఠనమందిరమున ఒకటి యున్నది. పదునైదు దినములలో తిరిగి ఇచ్చువారికి మాత్రమే ఈయవలసినదిగా గ్రంథపాలకుని కోరితిని.