బడి దగ్గర ఇల్లు: కొనడమా, అద్దెకు ఉండడమా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇది పిల్లల తల్లిదండ్రులు తేల్చుకోవలసిన విషయం, పింఛనుదారుల సభలో దీనికి చోటెందుకని మిత్రులొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని హైదరాబాదులో మనవడి బడి కోసమని కొనే ఫ్లాటుకు మొదట కట్టే డబ్బు చాలా ఇళ్లలో తాతగారిదే. "నాన్నా, మీ డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది కదా" అన్న మాట మనలో చాలామంది విన్నదే. కనుక ఇది మన విషయమే.

మన ఉద్యోగాల రోజుల్లో ఈ చిక్కు ఇంతగా లేదు. రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. టౌన్‌షిప్పులోనో, విశాఖ ఉక్కునగరంలోనో ఉన్నవారికి ఇంటి పక్కనే బడి. బదిలీల మీద తిరిగినవారికి ఏ ఊరు వెళితే ఆ ఊళ్లో అద్దె ఇల్లు, అక్కడి బడి. సొంత ఇంటి మాట పదవీ విరమణ దగ్గరపడ్డాక. ఇప్పుడు పిల్లవాడు ఐదో తరగతికి వచ్చేసరికి కొండాపూర్‌లోనో, నల్లగండ్లలోనో ఫ్లాటు కొనేద్దామంటున్నారు. బడి బస్సులో రోజూ రెండు గంటలు పోతున్నాయంటారు. అది నిజమైన కష్టమే, కొట్టిపారేయను.

కాని లెక్క చూద్దాం. ఫ్లాటు 80 లక్షలు అనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, రుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపయితే ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వరు. అంటే 64 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. తెలంగాణలో 2021 జులై నుంచి అది మొత్తం ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు. చేతి నుంచి పెట్టవలసింది 22 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటయితే జి.ఎస్.టి. 5 శాతం అదనం. అది తేలేవరకు ఇక్కడ అద్దె, అక్కడ వడ్డీ.

ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకు 64 లక్షల మీద నెల వాయిదా సుమారు 55,500. ఐదేళ్లలో కట్టేది 33 లక్షల పైచిలుకు. అందులో అసలుకు జమ పడేది ఏడున్నర లక్షలు మాత్రమే. మిగతా దాదాపు 26 లక్షలూ వడ్డీయే. అలాంటి ఫ్లాటు నెలకు 24 వేలకు అద్దెకు దొరికిందనుకుంటే, ఏటా 5 శాతం పెంచినా ఐదేళ్ల అద్దె 16 లక్షలు దాటదు. అద్దె డబ్బు నీళ్లలో పోసినట్టేనని మన వాళ్లు గట్టిగా అంటారు. వడ్డీ డబ్బు ఎందులో పోసినట్టో ఎవరూ అడగరు!

ఇక మన 22 లక్షలు. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది, పరిమితి 30 లక్షలయింది. 2025లోనూ రేటు అంతే ఉంది. ఆ లెక్కన 22 లక్షల మీద మూడు నెలలకొకసారి 45,100, అంటే నెలకు 15 వేలు. కొనుగోలుకు ఇచ్చేస్తే ఆగిపోయేది ఆ 15 వేలు. మందులకు, పనిమనిషికి, పండక్కి కూతురికి పెట్టే చీరకు వచ్చేది ఆ డబ్బే. ఇవన్నీ కూడితే, ఐదేళ్ల తర్వాత ఆ ఫ్లాటు కోటీ ఐదు లక్షలు పలికితేగాని అద్దెకు ఉన్నవాడితో సరిసమానం కాదు. పలకవచ్చు. హైదరాబాదులో అంతకు మించి పెరిగిన చోట్లున్నాయి. పెరగకపోతే మాత్రం కొడుకుకు ముందు ముప్ఫై ఏళ్ల సంపాదన ఉంది, మనకు లేదు.

ఐదేళ్లే ఎందుకన్నానంటే, ఐదో తరగతి పిల్లవాడికి ఆ బడితో పని పదో తరగతి దాకానే. తర్వాత ఇంటర్మీడియట్. ఆ కాలేజీ ఊరికి ఆ చివర ఉంటుందో, హాస్టల్లోనే ఉండమంటారో ఇప్పుడెవరికి తెలుసు? అప్పు ఇరవై ఏళ్లు, అవసరం ఐదేళ్లు. పైగా ప్రైవేటు బడులు చాలావరకు అద్దె భవనాల్లో నడుస్తాయి, బడే ఇల్లు మారవచ్చు! సొంత ఇల్లుంటేనే సీటిస్తామనే నియమం మన ప్రైవేటు బడులకు లేదు. చిరునామాను బట్టి ప్రభుత్వ బడి నిర్ణయమయ్యే అమెరికాలో కూడా, ఆ పరిధిలో అద్దెకున్నవారి పిల్లలకూ అదే హక్కు.

అద్దె ఇంటి బాధలూ లేకపోలేదు. పదకొండు నెలల ఒప్పందం, పరీక్షల ముందు ఖాళీ చేయమనే యజమాని, గోడకు మేకు కొడితే గొడవ. కనుక కొననే వద్దని నేను చెప్పను. పిల్లలిద్దరూ ఇంకా ఎల్.కె.జి. వయసు వారై, ఉద్యోగమూ అటువైపే ఉండి, బడి సంగతి లేకపోయినా ఆ చోటే ఉంటామనుకుంటే కొనుక్కోవచ్చు. అయినా ముందు ఒక విద్యా సంవత్సరం అక్కడ అద్దెకు ఉండి చూడమనండి. పిల్లవాడికి ఆ బడి నచ్చిందా, వేసవిలో నీళ్ల ట్యాంకర్లు ఎన్ని వస్తున్నాయి, వర్షానికి వీధి మునుగుతుందా అన్నది బ్రోచర్లలో ఉండదు.

కొనడమే నిశ్చయమైతే రెరా నంబరు, ఇ.సి., ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వనివ్వకండి. రెరా చట్టం ప్రకారం, అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోరాదు. దగ్గర్లో చెరువుంటే దాని ఎఫ్.టి.ఎల్. హద్దు కూడా చూడాలి. 2024లో హైడ్రా కూల్చివేతలు మనమంతా పత్రికల్లో చదివాం. మన డబ్బు పెడితే దస్తావేజులో మన పేరు కూడా ఉండాలని అడగడానికి మొహమాటపడవద్దు. కోడలు నొచ్చుకుంటుందని మా ఆవిడ అంటుంది. కాగితం మీద పేరు వేరు, ఇంట్లో ప్రేమ వేరు అని నా జవాబు.

ఎంత ఇవ్వాలన్నది ఎవరి ఇంటి సంగతి వారిది. నా మటుకు నేను రెండేళ్ల ఇంటి ఖర్చు, ఒక పెద్ద ఆసుపత్రి ఖర్చు పక్కన పెట్టాకే మిగిలింది లెక్కలోకి తీసుకుంటాను. మిగలకపోతే అద్దెలో నెలకు ఐదు వేలు సాయం చేస్తానంటాను. అది కూడా సాయమే.

లెక్క ఎవరికైనా తమ అంకెలతో వేసి చూసుకోవాలనుంటే, భోజనాల తర్వాత నా దగ్గరకు రండి, కూర్చుని వేద్దాం.