సవాయి రోగం – కంటిచూపు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంటి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. శుక్లాల గురించో, షుగరు జబ్బు కంటికి చేసే చేటు గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. అవి ముఖ్యమైనవే. కాని వాటిని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. సభలో ఎవరూ నోరు విప్పి చెప్పని జబ్బు ఒకటున్నది. అది కూడా చూపును తీసుకుపోతుంది. వేళకు కనిపెడితే ఆ చూపును చాలావరకు నిలుపుకోవచ్చు. ఆ జబ్బు పేరు సిఫిలిస్. తెలుగులో సవాయి రోగం అంటారు. మన ఇళ్లలో, హకీముల నోట ఆతషక్ అనీ, గర్మీ అనీ విని ఉంటారు.

ఇక్కడ పెద్దలున్నారు, ఆడవాళ్లున్నారు. మర్యాద తప్పకుండానే చెబుతాను. మదీనాలోని అన్సార్ స్త్రీలు దీన్ విషయాలు తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానీయలేదని హజ్రత్ ఆయిషా (ర) మెచ్చుకున్నారని మనకు తెలుసు. ఆరోగ్యం విషయంలోనూ మనం అదే దారిన నడవాలి గదా!

ముందుగా ఈ జబ్బు సంగతి. దీనికి కారణం మరమేకులాగా మెలికలు తిరిగిన సన్నని సూక్ష్మజీవి. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దాన్ని కనిపెట్టారు. స్త్రీ పురుష సంపర్కం వల్ల, గర్భంలో తల్లి నుంచి బిడ్డకు, అరుదుగా రక్తం ద్వారా అంటుకుంటుంది. ఒకే దస్తర్‌ఖాన్ మీద తింటే రాదు. ఒకే హౌజులో వజూ చేస్తే రాదు. కరచాలనం వల్ల, ముసాఫా వల్ల రాదు. కాబట్టి జబ్బు వచ్చినవాణ్ణి వెలివేయడానికి ఎలాంటి కారణమూ లేదు.

అంటుకున్న సుమారు మూడు వారాలకు నొప్పిలేని పుండు ఒకటి వస్తుంది. మందు లేకుండానే మానిపోతుంది. ఇక్కడే మనిషి మోసపోతాడు. పుండు మానింది గాని జబ్బు మానలేదు. అది రక్తంలోకి దిగింది. కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు రావచ్చు. కొంచెం జ్వరం, నోటిలో పుండ్లు, జుట్టు ఊడటం కూడా ఉండవచ్చు. అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి పైకి ఏమీ కనపడదు. లోపల మాత్రం గుండె దగ్గరి పెద్ద రక్తనాళం, మెదడు, వెన్నుపాము దెబ్బ తినవచ్చు.

ఇక కంటి సంగతికి వస్తాను. ఈ జబ్బు ఏ దశలోనైనా కంటిని పట్టగలదు. పుండు మానిన కొద్ది నెలలకూ పట్టవచ్చు, ముప్పై ఏళ్లకూ పట్టవచ్చు. కంటిలో అది పట్టని భాగం దాదాపు లేదు. ఎక్కువగా కంటి లోపలి మధ్యపొరకు వాపు తెస్తుంది. కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేరు, చూపు మసకబారుతుంది. కొందరికి కళ్ల ముందు నల్లని చుక్కలు, దారాలు తేలుతుంటాయి. వెనుకనున్న రెటీనాకు వాపు వస్తే చూపు రోజుల్లోనే తగ్గిపోవచ్చు. దృష్టి నాడికి వస్తే రంగులు వెలిసినట్టు కనిపించి, నడిమి చూపు చీకటి పడుతుంది. ఒక కంటికే రావచ్చు, రెండింటికీ రావచ్చు. నొప్పి ఉండాలని కూడా లేదు.

చిక్కేమిటంటే, ఇవన్నీ వేరే జబ్బుల్లోనూ ఉంటాయి. క్షయ వల్ల, కీళ్లవాతం వల్ల కూడా కంటిలో ఇలాంటి వాపే వస్తుంది. అందుకే డాక్టర్లు సిఫిలిస్‌ను బహురూపి అంటారు. మన వీధుల్లోకి పగటివేషగాళ్లు రోజుకో వేషంతో వచ్చేవారు చూడండి, అలాంటిదన్నమాట. వేషం చూసి మనిషిని పట్టలేం. రక్తపరీక్షతోనే పట్టాలి.

కొన్ని వేషాలను మాత్రం వెనుకటి డాక్టర్లు కళ్లతోనే కనిపెట్టారు. స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ఆర్గిల్ రాబర్ట్‌సన్ అనే నేత్రవైద్యుడు, వెన్నుపాము జబ్బున్న కొందరిలో కంటిపాప వెలుతురుకు ముడుచుకోకపోవడం, దగ్గరి వస్తువును చూసినప్పుడు మాత్రం ముడుచుకోవడం గమనించి 1869 ప్రాంతంలో రాశాడు. అలాంటి పాపకు నేటికీ ఆయన పేరే ఉన్నది. అది మెదడుకు పాకిన సిఫిలిస్‌కు గుర్తు అని తర్వాత తేలింది. అదే శతాబ్దంలో లండనులో హచిన్సన్ అనే డాక్టరు, కొందరు పిల్లల్లో మూడు లక్షణాలు కలిసి ఉండటం చూశాడు. కంటి నల్లగుడ్డు మీది పొర తెల్లగా మసకబారడం, చెవుడు, ముందుపళ్ల అంచులు నొక్కుపడి ఉండటం. ఆ పిల్లలకు జబ్బు తల్లి గర్భంలోనే వచ్చింది.

తల్లులారా, ఈ చివరి మాట మీద కొంచెం ఆగుతాను. గర్భంలో జబ్బు సోకిన బిడ్డ పుట్టినప్పుడు చూడడానికి చక్కగానే ఉండవచ్చు. ఆడుతూ పాడుతూ పెరుగుతాడు. సుమారు అయిదేళ్లకో, పదేళ్లకో, ఒక్కొక్కప్పుడు ఇరవై ఏళ్లు వచ్చేలోగానో కళ్లు ఎర్రబడి, నల్లగుడ్డు మీద మంచు కమ్మినట్టవుతుంది. సాధారణంగా రెండు కళ్లకూ వస్తుంది. ఆ దశలో పెన్సిలిన్ ఇచ్చినా కంటి పొర మీది వాపు దానితో వెంటనే తగ్గదు. వేరే చుక్కల మందుతో నెమ్మదిగా తగ్గించాలి, మచ్చ మిగిలిపోవచ్చు. అదే తల్లికి గర్భం వచ్చిన మొదటి నెలల్లో ఒక రక్తపరీక్ష చేసి, జబ్బుంటే పెన్సిలిన్ ఇస్తే బిడ్డను చాలావరకు కాపాడవచ్చు. ప్రసవానికి కనీసం నాలుగు వారాల ముందైనా ఆ చికిత్స మొదలు కావాలి. ఆ బిడ్డ చేసిన తప్పేమిటి? ఆ తల్లి చేసిన తప్పేమిటి? చాలా ఇళ్లలో ఆమెకు తన ఒంట్లో జబ్బున్నదన్న సంగతే తెలియదు.

ఈ జబ్బులో నిందంతా ఆడదాని మీద వేయడం పాత అలవాటు. మన ఊరి చరిత్రలోనే దానికి సాక్ష్యం ఉన్నది. సికింద్రాబాద్ ఇంగ్లీషు సైన్యం దండు దిగిన ఊరు. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఈ పేరు వచ్చింది. సిపాయిలలో సుఖవ్యాధులు పెరిగిపోతున్నాయని గత శతాబ్దానికి ముందు శతాబ్దంలో కంటోన్మెంటులలో లాక్ ఆసుపత్రులు పెట్టారు. మద్రాసు సైన్యం కింద ఉన్న మన సికింద్రాబాదులోనూ పెట్టారు. 1868లో చట్టం కూడా చేశారు. ఆ పద్ధతి ప్రకారం స్త్రీలను రిజిస్టరులో ఎక్కించి, బలవంతంగా పరీక్ష చేసి, జబ్బుంటే ఆసుపత్రిలో నిర్బంధించేవారు. సిపాయిలకు అలాంటి నిర్బంధం లేదు. అటు ఇంగ్లండులోనూ ఇటు ఇక్కడా విమర్శలు వచ్చి 1888లో ఆ చట్టం రద్దయింది. సగం మందికి పరీక్ష చేసి, సగం మందిని వదిలేస్తే జబ్బెలా పోతుంది? మందు ఇద్దరికీ ఇవ్వాలి. నేటికీ అదే సూత్రం.

మందు చరిత్ర కూడా కొంచెం వినండి. భావప్రకాశమనే ఆయుర్వేద గ్రంథంలో దీన్ని ఫిరంగ రోగం అన్నారు, రసకర్పూరంతో వైద్యం చెప్పారు. మన యునానీ హకీములు చోబ్‌చీనీ ఇచ్చేవారు. పాదరసం మందులతో నోరు పూసి, పళ్లు కదిలి, చొల్లు కారి మనుషులు నానా అవస్థ పడేవారు. ఆ తర్వాత పాషాణం కలిసిన మందులు వచ్చాయి. ఆటాక్సిల్ అనే ఒక పాషాణపు మందు కొందరి దృష్టి నాడిని దెబ్బతీసి గుడ్డివాళ్లను చేసింది. అంతకన్నా మేలైనది వెతికి వెతికి ఎర్లిక్ అనే శాస్త్రజ్ఞుడు సాల్వర్సాన్‌ను తయారుచేశాడు. 1910లో అది బజారులోకి వచ్చింది. 1943లో అమెరికాలో మహోనీ అనే డాక్టరు పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయమవుతుందని చూపించాడు. అప్పటి నుంచి నేటి దాకా అదే దీనికి అసలు మందు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కూడా పంపాడని ప్రవక్త (స) బోధించారు. ఈ రోగానికి మందు మన కళ్లెదుటే ఉన్నది.

అయితే ఒక జాగ్రత్త. కంటికి పాకినప్పుడు చేతికో పిరుదుకో ఒక్క ఇంజెక్షను వేయించుకొని ఇంటికి పోతే చాలదు. ఆ మందు కంటిలోకి, మెదడులోకి కావలసినంత చేరదు. సాధారణంగా ఆసుపత్రిలో చేర్చి పది నుంచి పధ్నాలుగు రోజుల పాటు పెన్సిలిన్‌ను నరం గుండా ఇస్తారు. మెదడుకు పాకినప్పుడు చేసే వైద్యమే ఇదీ. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. చికిత్స మొదలైన రోజున చలి జ్వరం రావచ్చు, భయపడి మానేయవద్దు. సిఫిలిస్ ఉన్నదని తెలియక ఎర్రబడిన కంటికి స్టెరాయిడ్ చుక్కలు మాత్రమే వాడుకుంటూ పోతే పైకి తగ్గినట్టుండి లోపల ముదిరిపోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల వల్ల చాలా నష్టం జరుగుతున్నది. సిఫిలిస్ తేలినవారు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోవాలి, రెండూ కలిసి ఉండటం మామూలే.

చికిత్స త్వరగా జరిగితే వాపు తగ్గి చూపు చాలామందికి తిరిగి వస్తుంది. దృష్టి నాడి ఎండిపోయిన తర్వాత వస్తే పోయిన చూపు రాదు, మిగిలినది నిలబెట్టుకోవచ్చు. అంటే తేడా మందులో లేదు, మనం వచ్చే వేళలో ఉన్నది.

ఇది పాతకాలపు జబ్బు, ఇప్పుడెక్కడుందండీ అని కొందరంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో 80 లక్షల మందికి కొత్తగా సిఫిలిస్ సోకింది. అమెరికాలో సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో సిఫిలిస్ వల్ల కొందరి కళ్లు దెబ్బతిన్నట్టు తేలి 2015లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ డాక్టర్లను హెచ్చరించింది. అంత డబ్బున్న దేశంలోనే అట్లా ఉంటే మనం ఏమరుపాటుగా ఉండటం తగదు.

మన మొహల్లాలలో ఇంకొక సంగతి ఉన్నది. గల్ఫ్‌కు పోయే పిల్లలకు వీసా ముందు వైద్యపరీక్షలో సిఫిలిస్ పరీక్ష కూడా చేస్తారు. ‘అన్‌ఫిట్’ అని కాగితం వస్తే ఏం జరుగుతున్నది? ఏజెంటు సొమ్ము పోయిందని ఏడుపు, కాగితం చించి పారేయడం, ఇంట్లో ఇంకేదో సాకు చెప్పడం. నాలుగు నెలలకు నికాహ్. అయ్యా, ఆ కాగితం ఉద్యోగం పోగొట్టే కాగితం కాదు, కళ్లు కాపాడే కాగితం. దాన్ని పట్టుకొని నేరుగా డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ పరీక్షలో ఒక్కొక్కసారి జబ్బు లేకున్నా ఉన్నట్టు రావచ్చు, పాత జబ్బు మానిపోయినా పరీక్షలో గుర్తు మిగలవచ్చు. రెండో పరీక్ష చేసి డాక్టరు తేల్చి చెబుతారు. నిర్ధారణ కాకముందే ఎవరి మీదా అభాండం వేయరాదు.

ఎక్కడికి పోవాలి? గాంధీ ఆసుపత్రిలో, ఉస్మానియా ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగాలున్నాయి. కంటికి మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నది, బంజారా హిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నది. రోగి సంగతి డాక్టరు బయటపెట్టకూడదు, అది వారి ధర్మం. ఆడవాళ్లు లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు, సంకోచించనక్కరలేదు.

మీరు ఇంటికి తీసుకుపోవలసిన మాటలు ఇవి. కన్ను ఎర్రబడి చూపు మసకబారితే సొంత వైద్యం వద్దు. కంటి డాక్టరు రక్తపరీక్ష రాస్తే అవమానమనుకోవద్దు, పాత సంగతులు అడిగితే దాచవద్దు. భార్యాభర్తల్లో ఒకరికి జబ్బు తేలితే రెండోవారికీ పరీక్ష, అవసరమైతే చికిత్స తప్పనిసరి. గర్భిణికి మొదటి మూడు నెలల్లోనే పరీక్ష చేయించండి. నికాహ్‌కు ముందు అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ స్వచ్ఛందంగా రక్తపరీక్ష చేయించుకునే ఆనవాయితీని మన సంఘం మొదలుపెడితే అది పెద్ద ఖిద్మత్ అవుతుంది.

ఇతరుల లోపాన్ని కప్పిపుచ్చమని మన దీన్ చెబుతుంది, నిజమే. పొరుగువాడి పరువు కప్పండి. కాని డాక్టరు ముందు మన జబ్బును కప్పుకుంటే అది పరువు కాదు, ఇంట్లో ఇంకొకరి కంటికి చీకటి. కళ్లు అల్లాహ్ మన చేతిలో ఉంచిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడుకునే తౌఫీఖ్ మనందరికీ ప్రసాదించాలని దుఆ చేస్తున్నాను.