పెరటి పండు

బొమ్మనహళ్ళిలో 30 × 40 అడుగుల స్థలంలో ఇల్లు కట్టుకొన్న మనవారికి పెరడని మిగిలేది గోడవార నాలుగడుగుల నేలే. అందులో మేము ఊరి మీది మమకారంతో బంగినపల్లి టెంకను పాతాము. తొమ్మిదేళ్ళు పెంచితే పుల్లని పీచుకాయ కాసింది! టెంకనుండి మొలిచినదానికి తల్లిచెట్టు గుణం రాదనీ, అంటుమొక్కనే నాటాలనీ అప్పుడుగాని తెలియలేదు.

పిమ్మట చిన్న చెట్లకు దిగాము. పట్టుపురుగులు పెంచే రైతు ఒకాయన ఇచ్చిన మల్బరీ కొమ్మను పాత డ్రమ్ములో గుచ్చితే చిగిర్చింది. కొమ్మలు కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురుతోబాటే పండ్లూ వస్తాయి. పిల్లల తెల్లచొక్కాలు మాత్రం దక్కవు. బొప్పాయికి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవారి 'అర్క సూర్య' విత్తనం వేశాము. అందులో కాయని మగచెట్లు రావు గనుక ఉన్న కాస్త చోటూ వృథా కాదు.

ఇక నీరు. ట్యాంకరు కొనుక్కొనే వీధిలో చెట్లకు కుళాయి విప్పడం న్యాయం కాదు. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళే పోస్తాము, సబ్బునీళ్ళు పోయము. రాలిన ఆకును తగులబెట్టక మొదట్లో పరిస్తే తడి త్వరగా ఆరదు. నీటికి కటకటలాడిన 2024 వేసవిలో మా మొక్కలు ఇలాగే బతికాయి.

ఆ పుల్లమామిడిని కొట్టించమని అందరూ అన్నారు. మా అమ్మగారు ఒప్పుకోలేదు. ఇందాక మీరు తిన్న ఉగాది పచ్చడిలో మామిడిముక్కలు దానివే.