జీవితదశలు – మన కర్తవ్యము

(కుప్పము వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



తెలుగు, తమిళ, కన్నడ సీమల పొలిమేరలు కలిసెడి ఈ కుప్పమునకు మదనపల్లె, పుంగనూరు మొదలగు తావులనుండి విచ్చేసిన మీకందరకును వందనములు. మానవుని దేహము, బుద్ధి, శీలము పుట్టుక మొదలు తుదివరకు ఎట్లు వృద్ధినొందునో చెప్పుమని కార్యదర్శులు మమ్ము కోరిరి. ఇది శాస్త్రవిషయమే యైనను మన యింటి విషయము. మేము చెప్పబూనినది యొక్కటే: ఏ వయస్సునకు చెల్లవలసినది ఆ వయస్సునందే చెల్లవలయును.

పట్టుపురుగుల పెంపకము ఎరిగిన రైతులకు ఈ మాట విశదీకరింప నక్కరలేదు. చాకీ దశయందలి పురుగునకు లేత మల్బరీ ఆకు వేయవలయును. నాలుగు జ్వరములు గడచి అయిదవ దశకు వచ్చిన పురుగునకు ఆకు మెండుగా వేయవలయును. ఆ దశలో పస్తుపెట్టి, గూడు కట్టిన పిమ్మట ఎంత ఆకు పోసిన నేమి ఫలము? మనుష్యునకు కోలుకొను శక్తి పురుగుకంటె నెక్కువయే గాని, అదను అదనే.

మొదటి దశ తల్లి గర్భమునందే ఆరంభమగును. అది మొదలు బిడ్డకు రెండేండ్లు నిండువరకు గల సుమారు 1000 దినములు మిక్కిలి విలువైనవి. శిశువు ఏడాదికి పుట్టిననాటి బరువునకు ముబ్బడి తూగును. రెండేండ్లకు మెదడు పెద్దవాని మెదడు పరిమాణములో ఇంచుమించు నూటికి 80 పాళ్ళు పెరుగును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయస్సునకు తగిన యెత్తు లేరనియు, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 59 మంది రక్తహీనులనియు తేలినది. అన్నప్రాశనము మన పెద్దలు ఆరవ మాసము ప్రాంతమున చేయుదురు. తల్లిపాలకు తోడుగా మెత్తని ఆహారము ఆ మాసముననే మొదలుపెట్టవలెనని నేటి వైద్యులును చెప్పుదురు. కాని పాయసము ఒకనాడు నాకించుటతో వేడుక తీరును గాని ఆకలి తీరదు. పప్పు, రాగిజావ, ఆకుకూర, గ్రుడ్డు దినదినమును కావలయును, గర్భిణికిని కావలయును.

బాల్యమున బుద్ధితోపాటు శీలమును మొలకెత్తును. స్విట్జర్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే 1932లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును విచారించెను. నీళ్ళు తెచ్చుచు కాలుజారి రెండు కడవలు పగులగొట్టిన బాలుడును, కోపముతో ఒక ముంతను పగులగొట్టిన బాలుడును గలరనుకొందము. ఎవరిది పెద్ద తప్పని అడిగినచో, చిన్నబిడ్డలు నష్టమును లెక్కింతురు. సుమారు పదియేండ్ల ప్రాయమునకు ఉద్దేశమును విచారింపజొత్తురు. పగిలిన దాని వెలనుబట్టి దండించు ఇంట బిడ్డ భయమును నేర్చును. ఏల చేసితివని అడుగు ఇంట వివేకమును నేర్చును.

మరియు ఒకే వయస్సు బిడ్డలందరును ఒకే అడుగున నడువరు. మదనపల్లెయందు 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి భావములతో నడచు ఋషివ్యాలీ విద్యాలయమువారు, తమ గ్రామీణ విద్యాకేంద్రము ద్వారా, చిన్న పల్లెబడులలో పాఠములను కార్డులుగా విభజించి, ప్రతి బిడ్డయు తన మెట్టునుండి తాను ఎక్కునట్లు బోధించు పద్ధతిని నెలకొల్పిరి. మందబుద్ధియని బిడ్డను బడి మాన్పించువారు ఈ పద్ధతిని గమనింతురు గాక.

ఇక కౌమారము. దేహము ముందుగా పరిపక్వమగును. ముందువెనుకలు విచారించు మెదడు భాగము ఇరువదియైదేండ్ల ప్రాంతమువరకు పక్వమగుచునే యుండును. కావున ఎదిగినట్లు కానవచ్చు బాలిక ఎదిగిన స్త్రీ కాదు. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహమునకు 14 ఏండ్ల మితి విధించెను. 1978లో అది 18 ఏండ్లాయెను. అయినను పైన చెప్పిన పరిశీలనము ప్రకారము, మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మంది 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లియాడినవారు. చిన్నవయస్సు తల్లికి బరువు తక్కువ బిడ్డ పుట్టు అపాయము హెచ్చు. తల్లి కౌమారమును హరించినచో బిడ్డ శైశవమును గూడ హరించినట్లే.

“పిల్ల చదివినకొలది వరుని చదువు పెరుగును, కట్నము పెరుగును” అని తల్లిదండ్రులు చెప్పుదురు. వారి భయము నిజమైనది; మేము దానిని పరిహసింపము. కాని ఆ ధరను పెంచుచున్న దెవరు? ఈ పందిరిలో కూర్చున్న మనమే. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధము. వరుని తండ్రులు చేయి చాపుట మానినచో వధువు తండ్రుల భయము దానంతట మానును.

మధ్యవయస్సు ఇచ్చెడి దశ. మనుష్యజీవితమును ఎనిమిది దశలుగా విభజించిన ఎరిక్ ఎరిక్సన్, తరువాతి తరమును పోషించుటయే ఈ దశకు ధర్మమని 1950 నాటి గ్రంథమున వ్రాసెను. మనవారు పెక్కురు కూలికిని కొలువునకును బెంగుళూరు రైలెక్కుచున్నారు. బిడ్డలు అవ్వాతాతల యొద్ద మిగులుచున్నారు. ముసలితనమున జ్ఞాపకపు వేగము తగ్గినను, మాటల సంపదయు అనుభవమును చాలకాలము నిలుచును. బిడ్డకు కథ చెప్పగల అవ్వ ఇంటికి భారము కాదు. కాని ఆమె కంటికి అద్దములు, ఒంటికి మందు, చేతికి నాలుగు రూకలు పంపుట మన విధి. తల్లిదండ్రుల పోషణము 2007 నాటి చట్టమును విధించినది. చట్టము చెప్పిన పిమ్మట చేయుట మనకు శోభించునా?

పోషక మహాశయులారా! విరాళములు దేనికి వినియోగింపవలెనని మీరు అడిగితిరి. మా విన్నపములు మూడు. పదవ తరగతి ముగించిన పల్లె బాలికలు నిలిచి చదువుటకు కుప్పమున ఒక వసతిగృహమునకు తొలిభాగము కేటాయింపుడు. 18 ఏండ్లు నిండని బాలిక పెండ్లికి మన సంఘపు పెద్దలెవ్వరును తాంబూలము పుచ్చుకొనరాదని నేడే తీర్మానింపుడు. ఏటేట ఈ సభనాడు గర్భిణులకును వృద్ధులకును వైద్యపరీక్ష జరిపింపుడు. సభాభవనము ఒక యేడు ఆలస్యమైనను కట్టుకొనవచ్చును. పదునారేండ్ల బాలికకు ఆ యేడు మరల రాదు.