సర్వర్ బాగానే ఉంది, సైట్లే తెరుచుకోవట్లేదు! ఎందుకు?

సీపీయూ ఖాళీ, మెమరీ బోలెడు. అయినా సాయంత్రం ట్రాఫిక్ పెరగగానే ఒక సైట్ తెరుచుకుంటే రెండు తెరుచుకోవు. డీఎన్ఎస్ సర్వర్ లాగ్‌లో మాత్రం ఒకటే మాట: 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్'. అసలు మనం ఫైళ్ళు ఎక్కడ తెరిచాం?

లినక్స్‌లో సాకెట్ కూడా ఫైల్ లెక్కలోకే వస్తుంది. ఒక్కో ప్రాసెస్‌కి సాధారణంగా సాఫ్ట్ లిమిట్ 1024. జవాబు తన దగ్గర లేకపోతే మన సర్వర్ బయటి సర్వర్‌ని అడుగుతుంది. ఆ జవాబు వచ్చేదాకా ఒక సాకెట్ తెరిచే ఉంటుంది.

చిన్న లెక్క వేద్దాం. సెకనుకి 500 ప్రశ్నలు బయటికెళ్తున్నాయి, జవాబు 20 మిల్లీసెకన్లలో వస్తోంది అనుకోండి. ఒకేసారి తెరిచి ఉండేవి 10 సాకెట్లే. అదే జవాబు రాక 2 సెకన్లు ఆగితే? 1000! అంటే ట్రాఫిక్ పెరగక్కర్లేదు, అవతలివాడు పలకకపోయినా చాలు.

మరి ఒకే పోర్ట్ పెట్టేస్తే సాకెట్లు మిగులుతాయి కదా అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రశ్నకుండే ఐడీ 16 బిట్లు, అంటే 65,536 నంబర్లే. ఊహించి దొంగ జవాబు ముందే పంపేయొచ్చని 2008లో డాన్ కామిన్‌స్కీ చూపించారు. మీరు బ్యాంకు పేరు కొడితే దొంగ సైట్ తెరుచుకోవచ్చన్నమాట! అందుకే పోర్ట్ కూడా ప్రతిసారీ మారాలి. ఆ ఏడాది బైండ్ మొదటి ప్యాచ్ వేసిన బిజీ సర్వర్లకి సరిగ్గా ఈ సాకెట్ల తంటానే వచ్చింది, తర్వాతి ప్యాచ్‌లో సరిచేశారు.

ఇప్పుడు పరిష్కారం. మీ టెర్మినల్‌లో యూలిమిట్ కొడితే కనిపించేది మీ షెల్ హద్దు, సర్వర్‌ది కాదు. ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కింద 'లిమిట్స్' ఫైల్ చూడండి. పక్కనే ఉన్న 'ఎఫ్‌డీ' ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండూ దగ్గరపడితే దొంగ దొరికినట్టే. సిస్టమ్‌డీ నడిపే సర్వీస్‌కి లిమిట్స్ డాట్ కాన్ఫ్ మార్చి లాభం లేదు. సర్వీస్ సెట్టింగ్‌లో 'లిమిట్‌నోఫైల్' పెంచి, రీస్టార్ట్ చేసి, మళ్ళీ అదే ఫైల్ చూసుకోండి.

అక్కడితో ఆగొద్దు. ఫైర్‌వాల్ జవాబుల్ని ఆపేస్తోందా? మీ నెట్‌వర్క్ బయటివాళ్ళు కూడా మీ సర్వర్‌ని వాడేస్తున్నారా? అలాగైతే రికర్షన్ మీవాళ్ళకే పరిమితం చేయండి. చిల్లు పూడ్చకుండా బిందె పెద్దది చేస్తే నీళ్ళు ఆగవు కదా!

ఇదండీ సంగతి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.