పాత నగలు - పరీక్షించు అద్దము

బంగారము ధర ఏటేట పెరుగుచుండుటచేత, క్రొత్త నగ చేయించుటకు వెనుదీయు కుటుంబములు పాత నగలవైపు చూచుచున్నవి. తెలిసినవారి ఇంట ఒక వడ్డాణము అమ్మకమునకు వచ్చును. తాకట్టునుండి విడిపించుకొనని గొలుసు వేలమునకు వచ్చును. అత్తగారి రవ్వల దుద్దులు ముగ్గురు కోడండ్ర నడుమ పంచుటకు వీలుగాక, వెలకట్టి ఒకరు తీసికొనవలసి వచ్చును. ఇట్టి బేరములలో మజూరీ కలిసివచ్చును. తరుగు పేరిట పోవు సొమ్ము మిగులును. నిజమే. కాని క్రొత్త నగకు దుకాణదారుని పూచీ ఉండును. పాత నగకు కొనువాని కన్నే పూచీ. ఆ కంటికి తోడుగా జేబులో ఇముడు చిన్న భూతద్దమొకటి కావలెను. వజ్రముల వర్తకులు దానిని లూపు అందురు. అట్టి అద్దమును ఎట్లు ఎంచుకొనవలెను, దానితో ఏమి చూడవలెను అను విషయమును ఈ ప్రసంగములో ముచ్చటింపదలచినాము.

అద్దము కొనబోయినవారికి మొదట ఎదురగునది అంకెల గారడి. చిన్న తొడుగుపై ముప్పది ఎక్స్ అనియు, అరువది ఎక్స్ అనియు చెక్కియుండును. ధర చూడగా చవక. పెద్ద అంకె ఉన్న అద్దము ఎక్కువ చూపుననుకొనుట సహజము. కాని రత్నపరీక్షలో దేశదేశముల అంగీకరించిన కొలత పదింతలే. ఒక వజ్రము నిర్దోషమా, కాదా అని తేల్చునపుడు, పదింతలు పెద్దదిగా చూపు మంచి అద్దములో, శిక్షణ పొందిన పరీక్షకుని కంటికి కనబడు దోషములే లెక్కకు వచ్చును. అంతకు మించిన సాధనములో మాత్రమే కనబడు చుక్క ఆ లెక్కలోనికి రాదు.

అంకె నిజమా, కాదా అని తెలిసికొనుటకు చిన్న గణితము చాలును. సామాన్యమైన కంటికి తేటగా చూచుటకు అనువైన దగ్గరి దూరము 250 మిల్లీమీటర్లని శాస్త్రజ్ఞులు పెట్టుకొన్నారు. ఆ సంఖ్యను కటకము యొక్క నాభ్యంతరముచేత భాగించిన వచ్చునదే దాని శక్తి. కావున పదింతల అద్దము వస్తువునకు 25 మిల్లీమీటర్ల, అనగా సుమారు ఒక అంగుళము ఎత్తున ఉండగా బొమ్మ తేటపడును. ఇరువదింతలదైనచో పన్నెండున్నర మిల్లీమీటర్లకు దించవలెను, ముప్పదింతలదైనచో ఎనిమిదికి. పిల్లల పెట్టెలోని స్కేలు ఒకటి చేత పట్టుకొని దుకాణమునకు వెళ్ళుడు. వార్తాపత్రికలోని సన్న అక్షరములపై అద్దమును పట్టి, అంగుళము ఎత్తున అవి స్పష్టముగా కనబడినచో, తొడుగుపై ఏమి చెక్కియున్నను అది పదింతల అద్దమే. దుకాణదారునితో వాదము పెట్టుకొన పనిలేదు.

నిజముగా ఇరువది, ముప్పది ఇంతలు చూపు అద్దము దొరికినను, మొదట కొనదగినది అది కాదని మా అభిప్రాయము. శక్తి పెరిగినకొలది కనబడు వైశాల్యము కుదించుకొనిపోవును, వెలుతురు తగ్గును, చేయి రవ్వంత వణికినను బొమ్మ పారిపోవును. రాయి పైభాగము తేటగా ఉన్నపుడు అడుగుభాగము మసకగా ఉండును. ఎనిమిది మిల్లీమీటర్ల సందులో రాయిమీద వెలుతురు పడుటకే చోటు చాలదు. ఇక తలకు కట్టుకొను అద్దములున్నవి. అవి రెండు మూడింతలు మాత్రమే చూపును; కంసాలి పనికి మేలైనవే గాని పరీక్షకు చాలవు.

శక్తికంటె ముఖ్యమైనది అద్దపు నాణ్యము. ఒంటి కటకముతో రెండు దోషములు వచ్చును. తెల్లని వెలుగులోని రంగులన్నియు ఒకేచోట కూడక, వస్తువుల అంచులకు ఎరుపు, నీలి చారలు అంటుకొనును. కటకపు నడుమ తేటగా ఉన్న బొమ్మ అంచులకు పోయినకొలది అలుకుకొనిపోవును, వంకర తిరుగును. రాయి రంగును, స్వచ్ఛతను చూడబూనినవారికి ఈ రెండును మోసము చేయునవే. లేని పసుపుఛాయ కనబడవచ్చును. ఉన్న మచ్చ కనబడకపోవచ్చును. వీనిని సవరించుటకు వేర్వేరు గాజులతో చేసిన మూడు కటకములను ఒకటిగా అతికింతురు. దుకాణములో ‘ట్రిప్లెట్’ అని అడుగవలెను. ఆ పేరు కూడ తొడుగుమీద వట్టిగా చెక్కుట కలదు కనుక, గళ్ళ కాగితము ఒకటి వెంట తీసికొనిపోవుట మంచిది. మంచి అద్దములో గళ్ళ గీతలు అంచులవరకు తిన్నగా ఉండును. నల్లగీతకు ఇరుప్రక్కల రంగుచారలు ఉండవు. నడుమ నాలుగు గళ్ళు తిన్నగా ఉండి తక్కినవన్నియు విల్లువలె వంగినచో ఆ అద్దమును మర్యాదగా తిరిగి ఇచ్చివేయవలెను.

కటకపు అడ్డుకొలత 18 మొదలు 21 మిల్లీమీటర్లవరకు ఉండుట వాడుక. తొడుగు నల్లనిదైన మేలు. బంగారు పూత, వెండి మెరుపు గల తొడుగులు చూచుటకు సొగసుగా ఉండును గాని, వాని మెరుపు రాతిలో ప్రతిఫలించి కంటిని తికమకపెట్టును. నేడు చిన్నదీపములు అమర్చిన అద్దములును వచ్చినవి. నగపై ముద్ర చదువుటకు అవి ఉపయోగమే. రాయిని చూచుటకు మాత్రము ఎదుటినుండి కొట్టు వెలుగుకంటె ప్రక్కనుండి వచ్చు వెలుగే మేలు.

అద్దమును కంటికి దూరముగా పట్టుకొని చూచుట చాలమంది అలవాటు. అట్లు కూడదు. కంటికి దాదాపు తగులునట్లు పట్టి, నగనే అద్దము దగ్గరకు తేవలెను. రెండు చేతులును ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్లపై ఉంచినచో వణుకు ఉండదు. రెండవ కన్ను మూయకుండుట అలవరచుకొన్నచో అలసట తగ్గును. చదువుటకు మాత్రమే కండ్లజోడు వాడువారు దానిని తీసి చూడవచ్చును. చూపులో వక్రదోషము ఉన్నవారు మాత్రము జోడుతోనే చూడవలెను. ఏలయన ఆ దోషమును లూపు సవరింపజాలదు.

ఇక నగను చూతము. ముందుగా ముద్ర. మన దేశములో బంగారు నగలకు భారతీయ ప్రమాణముల సంస్థ హాల్‌మార్కు 2000లో మొదలైనది. 2021 జూన్ నుండి అంచెలంచెలుగా తప్పనిసరి అయినది. ఇప్పటి ముద్రలో మూడు గుర్తులుండును: సంస్థ చిహ్నము, 22 కె 916 వంటి నాణ్యసంఖ్య, ఆరు అక్షరముల, అంకెల గుర్తింపు సంఖ్య. ఈ మూడవది ప్రతి నగకు వేరు. 2023 ఏప్రిల్ 1 నుండి అది లేని నగను దుకాణదారులు అమ్మరాదు. వట్టి కంటికి చుక్కలవలె ఉండు ఆ సంఖ్య పదింతల అద్దములో చక్కగా చదువ వీలగును. చదివిన సంఖ్యను సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనములో సరిచూడవచ్చును. అంతకు మునుపటి నగలపై సంస్థ చిహ్నము, నాణ్యసంఖ్యలతోపాటు పరీక్షకేంద్రపు గుర్తు, వర్తకుని గుర్తు ఉండును. ఇక కె.డి.ఎం. అని ఉన్న ముద్రను చూచి మురిసిపోవువారున్నారు. అది కాడ్మియము కలిపిన టంకముతో అతికినారని చెప్పు వర్తకుల మాట; ప్రభుత్వపు నాణ్యముద్ర కాదు. అమ్మమ్మల నాటి నగలకు ఏ ముద్రయు ఉండదు. అంతమాత్రమున అవి చెడ్డవని కాదు. గీటురాయి, పరీక్షకేంద్రము చెప్పవలసినది లూపు చెప్పదనియే అర్థము.

లూపు చెప్పునది అరుగుదల, అతుకు. గొలుసు కొనునపుడు నడుమ చూడక, కొక్కెము దగ్గరి నాలుగు లంకెలను చూడుడు. ఏండ్ల తరబడి ఒకదానినొకటి ఒరసికొని, లోపలివైపు అవి దారమువలె సన్నబడియుండును. అతుకుదగ్గర బూడిదరంగు ముద్ద కనబడినచో సీసపు టంకముతో ఎవరో తొందరపని చేసినారు. దానిని కరిగించునపుడు బంగారమునకు చేటు. పూతనగ అయినచో అంచులవద్ద, ఒరపిడి తగులుచోట్ల లోపలి లోహపు రంగు బయటపడును. దుద్దుల శీలకున్న మర అరిగినదా, రాయిని పట్టియుంచు సన్నని కొనలు చివర పలుచబడినవా అని చూడవలెను. ఆ కొన ఒకటి విరిగిన నాడు రాయి పోవునే గాని నగ పోయినట్లు తెలియదు.

రాళ్ళ విషయము మరింత చిక్కు. మన ప్రాంతపు పాత నగలలో కెంపులు వెనుక మూసిన గూళ్ళలో పొదిగియుండును. అడుగున రంగురేకు పెట్టుటయు కలదు. అట్టి రాతి రంగు రాతిదా, రేకుదా అని ఏ అద్దమును పూర్తిగా చెప్పజాలదు. అట్టివానికి రాతివెల కట్టక, లోపలి లక్కను తీసివేసిన నికరపు బంగారమునకే వెల కట్టుట క్షేమము. గూడు వెనుక తెరచియున్నచో మాత్రము అద్దమునకు పని ఉన్నది. "ఇది మా నాయనమ్మ నాటి బర్మా కెంపు, ఆ కాలమున నకిలీ ఎక్కడిది?" అని అమ్మువారు నమ్మకముగానే అందురు. కాని ఫ్రాన్సు దేశమున వెర్నోయ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంటలో కెంపును తయారుచేయు పద్ధతిని 1902లోనే ప్రకటించినాడు. నాయనమ్మ పెండ్లినాటికి అట్టి రాళ్ళు బజారులో మెండుగా ఉన్నవి. వానిలో గ్రామఫోను పలకమీది గాట్లవలె వంపు తిరిగిన సన్నని గీతలు, గుండ్రని గాలిబుడగలు ఉండును. గీతలు పట్టుకొనుట కష్టము. రాయిని మెల్లగా త్రిప్పుచు ప్రక్కవెలుగులో వెదకవలెను. భూమిలో పుట్టిన కెంపులో పెరుగుదల గీతలు తిన్నగా ఉండి కోణములుగా కలియును. పట్టుదారములవంటి సన్నని సూదులు కనబడుటయు కద్దు. మచ్చ ఏదియు లేని పెద్ద కెంపు చవకగా వచ్చినదన్న, సంతోషింపక అనుమానింపవలెను.

వజ్రమునకు పలకల అంచులు కత్తివలె తీరియుండును. గాజుకు అవి మొద్దుబారి, గీతలు పడియుండును. 1976 నుండి బజారునకు వచ్చిన జిర్కోనియాకును వాడుకలో అంచులు అరుగును. 1998 ప్రాంతమున వచ్చిన మాయిసనైటు వీనికంటె గడుసుది. దానిని ఏటవాలుగా చూచినచో వెనుకవైపు పలకల గీతలు జంటలుగా కనబడును, వజ్రములో ఒంటిగీతయే. పాతకాలపు కోత గల రవ్వ నడుమ చిన్న రంధ్రమువంటిది కనబడిన భయపడ పనిలేదు. అడుగుకొనను ఆనాడు మొనగా కాక చిన్నపలకగా కోసెడివారు. పైనుండి చూడగా అది బెజ్జమువలె తోచును. మన రత్నశాస్త్రములు ఏ అద్దమును లేని నాడే బిందువు, రేఖ, యవ, కాకపదము అని వజ్రదోషములకు పేర్లు పెట్టినవి. నేటి పరీక్షకుడు చూచునవియు ఇంచుమించు అవే. కాని ఒక్క విషయమున లూపు చేతులెత్తివేయును. వజ్రమును ప్రయోగశాలలో తయారుచేయుట 1954లో అమెరికాలో సాధ్యమైనది. నేటి ప్రయోగశాల వజ్రములు వజ్రములే. వానిని గనివజ్రములనుండి విడదీయుటకు ప్రత్యేక పరికరములు కావలెను. పరీక్షాపత్రముతో వచ్చిన కొన్నిరాళ్ళ నడుముపై సన్నని సంఖ్య చెక్కియుండును. దానిని చదివి పత్రముతో పోల్చుటవరకే లూపు పని.

ముత్యములను కూడ ఒకమాట. బెజ్జము అంచున చూడవలెను. పూతముత్యమైనచో అక్కడనే పొర లేచి, లోపలి గాజుపూస కనబడును.

బంధువుల నగను కొనునపుడు లూపు తీసినచో మాట పోవునేమో అని వెనుకాడువారు పెక్కుమంది. మా సలహా ఏమనగా, బేరమునకు ముందే చెప్పి, అమ్మువారి చేతికే మొదట అద్దమిచ్చి చూడుమనవలెను. తమ నగలో తమకే తెలియని సంగతులు వారును చూతురు. తరువాత వచ్చు అనుమానముకంటె ముందు చేయు పరీక్ష చుట్టరికమునకు మేలు చేయును.

ఈ అద్దమువలన మరియొక ఉపయోగము కలదు. కొనుటకంటె ఇదియే ఎక్కువ కుటుంబములకు అక్కరకు వచ్చుననుకొందుము. నగను తాకట్టు పెట్టుటకు, మరమ్మతుకు, మెరుగుకు ఇచ్చుటకు ముందు దానిని ఇంట కూర్చుండి లూపుతో చూడుడు. ప్రతి రాతిలోను ప్రకృతి పెట్టిన ఏదో ఒక గురుతు ఉండును: ఒకదానికి అంచున చిన్నపెచ్చు, ఒకదానిలో నల్లచుక్క, ఒకదానిలో ఈకవంటి బీట. రాళ్ళ లెక్క, బరువు, ముద్రలోని సంఖ్య, ఈ గురుతులు ఒక కాగితముపై వ్రాసి, ఏ రాయి ఎక్కడ ఉన్నదో చిన్నబొమ్మ గీసికొనవలెను. ఫోటో ఉన్న మరీ మంచిది. నగను ఇచ్చునపుడు ఆ కాగితమును పుచ్చుకొనువారికి చూపి రసీదుపై ఈ వివరము వ్రాయించుకొనుడు. నగ తిరిగివచ్చిన దినమున, అక్కడనే, కాగితము ముందుంచుకొని సరిచూడుడు. ఇంటికి వచ్చి చూచిన తరువాత నల్లచుక్క రాయి ఏమైనదని అడుగుటకు ఎవరికిని వీలుండదు.

అనుమానము తీరని నగను హాల్‌మార్కు పరీక్షకేంద్రమునకు తీసికొనిపోయినచో, రుసుము పుచ్చుకొని బంగారపు నాణ్యము తేల్చి చెప్పుదురు. అద్దమునకు వేలిముద్రలు అంటినచో మెత్తని శుభ్రమైన నూలుగుడ్డతో తుడువవలెను. చీరకొంగుతో తుడువరాదు, కొంగున ఉన్న జరీ కటకమును గీయును.