ఋష్యశృంగుడి రంగయాత్ర

ఉస్మానియా, ఇఫ్లూ ప్రాంగణాలు ఇరుగుపొరుగుగా ఉన్న ఈ తార్నాకలో జపాన్ సంప్రదాయ నాటకాల ఆధునిక రూపాలపై సదస్సు జరగడం సంతోషం. తెలుగు చదువుకున్న నన్ను అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆ నాటకాలతో తెలుగువాళ్లకు ఏం పని అని అడిగేవాళ్లకు ముందుగా ఒక కథ గుర్తుచేస్తాను.

ఆరణ్యపర్వంలోని ఋష్యశృంగుడు మనం ఎరిగినవాడే. స్త్రీ అంటే ఏమిటో తెలియని ఆ మునికుమారుణ్ణి వేశ్యలు మరులుగొలిపి అంగదేశానికి తెస్తే అక్కడ వాన కురిసింది. బౌద్ధులు దీన్నే ఏకశృంగుడి కథగా చెప్పుకున్నారు. నాగార్జునుడి పేరు మీద ఉన్న మహాప్రజ్ఞాపారమితా శాస్త్రంలో అది కనిపిస్తుంది. ఆ గ్రంథకర్తృత్వం మీద పండితుల వాదం ఇంకా తెగలేదు. ఐదో శతాబ్దం మొదట్లో కుమారజీవుడు ఆ గ్రంథాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. అలా తూర్పుకు నడిచిన కథ జపాన్‌లో నో అనే సంప్రదాయ రీతిలో ‘ఇక్కాకు సెన్నిన్’ నాటకమైంది. ఒంటికొమ్ము ముని తడిసిన కొండ మీద జారిపడి, ఆ కోపంతో వాన కురిపించే నాగదేవతలను గుహలో బంధిస్తాడు. రాజు పంపిన సుందరి చేతి మద్యం తాగి, ఆమెతో కలిసి నాట్యమాడి, తపశ్శక్తి పోగొట్టుకుంటాడు. నాగులు బయటపడతారు, వాన పడుతుంది. మరో సంప్రదాయ నాటకరీతి అయిన కబుకీలో ఇదే ‘నారుకామి’. అక్కడ ముని బదులు బౌద్ధ సన్యాసి ఉంటాడు.

చాలాకాలం మూలపడిన ‘నారుకామి’ని 1910లో రెండో ఇచికావా సదాంజీ మళ్లీ ఆడాడు. అంతకు ముందు ఏడాదే ఒసానాయ్ కావోరుతో కలిసి ఇబ్సెన్ ‘జాన్ గాబ్రియేల్ బోర్క్‌మన్’ను రంగం మీదికి తెచ్చిన నటుడు ఆయన. పాతదాన్ని లేపినవాడూ, కొత్తదాన్ని తెచ్చినవాడూ ఒకడే! మన దగ్గర పద్యనాటకం వాళ్లు, ఆధునిక నాటకం వాళ్లు ఇన్నేళ్లూ వేర్వేరు పంక్తుల్లో కూర్చుని భోంచేశారు.

రచయిత యుకియో మిషిమా 1956లో ఆధునిక నో నాటకాల సంపుటి వెలువరించాడు. పాత ‘సోతోబా కొమాచి’లో ఒకనాటి అందగత్తె ముసలిదై స్తూపం మీద కూర్చుంటుంది. మిషిమా ఆమెను పార్కులో సిగరెట్ పీకలు ఏరుకునేదాన్ని చేశాడు. ముఖతొడుగు లేదు, వంతపాట లేదు. గతం వచ్చి వర్తమానాన్ని పట్టి పీడించడం మాత్రం అలాగే ఉంది. ఆయన తీసుకున్నది ఆహార్యం కాదు, నాటకపు ఎముకల గూడు.

2017 అక్టోబరులో తోక్యోలోని కబుకీ-జా నాటకశాల మహాభారతాన్నే ఆడింది. దర్శకుడు మియాగి సతోషి, కర్ణుడు ఒనోఎ కికునోసుకె. కథానాయకుడు అర్జునుడు కాదు, కర్ణుడు. ‘దాన వీర శూర కర్ణ’ చూసి పెరిగిన మనకు ఆ మొగ్గు ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. కథ పరాయిదైనా ఆట తమదే కాబట్టి వాళ్లు ఆ సాహసం చేయగలిగారు. పాత నో, పాత కబుకీ గురుపరంపరలో ఇప్పటికీ నడుస్తున్నాయి. కొత్త ప్రయోగానికి దన్ను అదే. అది లేకుండా ముఖానికి తెల్లరంగు పూసి, విసనకర్ర పట్టి, నెమ్మదిగా నడిస్తే అది నో కాదు.

అనువాదం దగ్గర మరో జాగ్రత్త అవసరం. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ 1930లో ‘తానికో’ అనే నో నాటకం ఆధారంగా ఒక సంగీతనాటకం రాశాడు. ఆయనకు దారి చూపింది ఆర్థర్ వేలీ ఇంగ్లీషు అనువాదం. మూలంలో లోయలో పడేసిన బాలుడు చివరికి బతుకుతాడు. వేలీ ఆ భాగం వదిలేశాడు. అలా బ్రెహ్ట్ చేతికి అందింది చావుతో ముగిసే కథ. అదే బ్రెహ్ట్ రాసిన మరో నాటకం బి.వి. కారంత్ దర్శకత్వంలో, 1885లో పుట్టిన మన సురభి నాటక సమాజం చేతిలో ‘బస్తీ దేవత యాదమ్మ’ అయింది. సంప్రదాయ నటులు కొత్త నాటకం ఆడలేరన్న మాట అక్కడే వీగిపోయింది.

అందుకే నాదొక విన్నపం. ఇఫ్లూలో జపనీస్ నేర్చుకునే విద్యార్థులు, ఉస్మానియా తెలుగు విద్యార్థులు, లింగంపల్లి సురభి నటులు ఒకచోట కూర్చోవాలి. ‘ఇక్కాకు సెన్నిన్’ను ఇంగ్లీషు మధ్యవర్తిత్వం లేకుండా, నోట పలకదగ్గ తెలుగులోకి తేవాలి. నాగుల చెరను, వానను రంగం మీద ఎలా చూపాలో సురభివాళ్లే తేల్చాలి. వచ్చే సదస్సులో పత్రాలు నాలుగు తగ్గినా ఫర్వాలేదు, ఆ నాటకం మాత్రం ఆడి చూపించండి.